యాప్‌లో ‘సంతృప్తికరం’, మా ఇంట్లో ఆయాసం: ఈ పొగ ఎవరి లెక్కలో ఉంది?

అల్వాల్_వాసి
మా కాలనీలో ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకు వీధులు ఊడ్చిన చెత్తను నాలుగో లైను చివర ఉన్న ఖాళీ స్థలంలో కుప్పపోసి అంటిస్తున్నారు. రాలిన కానుగ ఆకులు, పాల ప్యాకెట్లు, కొబ్బరి పీచు, కొరియర్ సంచులు అన్నీ అందులోనే ఉంటాయి. రాత్రి మంచుకు తడిసిన చెత్త కావడంతో మంట లేవదు, పొగ మాత్రం పదింటి దాకా మేడల మధ్య కదలకుండా నిలబడుతుంది. మా నాన్నగారికి 74 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా ఆయాసం ఉంది. అంతకు ముందు రెండు నెలలు వచ్చే ఇన్‌హేలర్ కార్తీకం మొదలైనప్పటి నుంచి మూడు వారాలకే అయిపోతోంది.

నన్ను తికమక పెడుతున్న విషయం మరొకటి ఉంది. నిన్న ఉదయం ఒక యాప్‌లో చూస్తే గాలి నాణ్యత సూచీ 97 అనీ, ‘సంతృప్తికరం’ అనీ లేత ఆకుపచ్చ రంగులో కనబడింది. అదే నిమిషంలో మా అమ్మాయి తన ఫోన్‌లో మరో యాప్ తెరిస్తే 153 అని ఎర్రగా వచ్చింది. ఊరొకటే, గాలి ఒకటే, అంకెలు మాత్రం రెండు. మా నాలుగో లైను పొగ వీటిలో ఏ అంకెలో ఉందో తెలిసినవారు వివరించగలరు.

చిక్కడపల్లి_చిన్నోడు
‘సంతృప్తికరం’ అన్నది యాప్ తన గురించి తాను చెప్పుకున్న మాట అయ్యుంటుంది. మీ నాన్నగారిని అడిగి రాసింది కాదు కదా.

లెక్కల_మాస్టారు
రెండు అంకెలూ నిజమే కావచ్చు, కొలబద్దలే వేరు. రెండున్నర మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న ధూళి కణాలు ఘనపు మీటరు గాలిలో 58 మైక్రోగ్రాములు ఉన్నాయనుకోండి. మన దేశపు సూచీలో 31 నుంచి 60 మైక్రోగ్రాముల వరకు ‘సంతృప్తికరం’ గడిలోకి వస్తుంది కనుక ఆ 58కి సూచీ 97 పడుతుంది. అమెరికా పద్ధతిలో 55 దాటగానే ‘అనారోగ్యకరం’ అనే ఎర్ర గడి మొదలవుతుంది కనుక అదే 58కి 153 పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఈ కణాలు రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదు, మన 2009 నాటి జాతీయ ప్రమాణం 60 వరకు అనుమతిస్తుంది. మన ‘సంతృప్తి’ వాళ్ళ హద్దుకు నాలుగింతల దాకా సాగుతుందన్నమాట.

ఇంకొక మెలిక కూడా ఉంది. మన సూచీ ఎనిమిది కాలుష్య కారకాలను లెక్కలోకి తీసుకుంటుంది, వాటిలో ఏది ఎక్కువ చెడ్డగా ఉంటే దాని అంకెనే మొత్తానికి అంకెగా ప్రకటిస్తుంది. అన్ని సబ్జెక్టుల్లోనూ ఎక్కడ తక్కువ మార్కులు వచ్చాయో అదే ప్రోగ్రెస్ కార్డు మీద వేసినట్టు. అంతవరకు మంచి పద్ధతే. కానీ ధూళి కణాలకు తీసుకునేది 24 గంటల సగటు. మీ వీధిలో మూడున్నర గంటలు 200 మైక్రోగ్రాముల పొగ ఉండి, మిగతా ఇరవైన్నర గంటలు 30 మాత్రమే ఉందనుకుంటే సగటు 55 దగ్గర తేలుతుంది. అది కూడా ‘సంతృప్తికరమే’. మీ నాన్నగారు మాత్రం ఊపిరిని సగటున పీల్చరు.

పర్యావరణ_ఇంజినీరు
మాస్టారు గారి లెక్కకు ఒక చేర్పు. ఆ 55 కూడా మీ వీధిది కాదు. హైదరాబాదులో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ వంటి కొన్ని చోట్ల ఉన్నాయి. ఒక పొయ్యో, ఒక చెత్తకుప్పో నేరుగా ప్రభావం చూపని చోటు చూసి వాటిని పెడతారు, ఎందుకంటే వాటి పని ఆ ప్రాంతపు సాధారణ పరిస్థితి చెప్పడం. మీ ప్రాంతం పేరు పక్కన యాప్ చూపించే అంకె చాలాసార్లు దూరపు కేంద్రాల కొలతల నుంచి అంచనా కట్టినదే. మీ నాలుగో లైను పొగ అందులో ఉందా అంటే, దాదాపు లేదనే చెప్పాలి.

ఇక పొగ కదలకపోవడానికి కారణం కాలమే. మామూలుగా నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దానితో పొగ కూడా పైకి పోయి పలచబడుతుంది. చలికాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది, దాని పైన మాత్రం వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూత పెట్టినట్టు నిలుస్తుంది. ఎండ ఎక్కి నేల కాగేవరకు ఆ మూత తెరుచుకోదు. అందుచేత అదే చెత్తను జూన్ మధ్యాహ్నం కాలిస్తే కనబడని నష్టం డిసెంబరు ఉదయం ఆరున్నరకు కాలిస్తే కళ్ళెదుట కనబడుతుంది.

బడిచౌడి_భాస్కరుడు
అయితే జూన్‌లో కాల్చమని సలహానా?

పర్యావరణ_ఇంజినీరు
ఎప్పుడూ కాల్చవద్దనే సలహా. ప్లాస్టిక్ తక్కువ వేడిలో పొగలుగా కాలినప్పుడు వెలువడే విషాలు వేసవిలో అమృతంగా మారవు. ముఖ్యంగా క్లోరిన్ ఉండే పీవీసీ రకం ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి.

నాలుగో_లైను_నాగమణి
అల్వాల్ వాసి గారూ, నేనూ మీ కాలనీలోనే ఉంటున్నాను, బహుశా మీరు నన్ను చూసే ఉంటారు. ఆ చెత్త అంటించే ఆవిడతో నేను మాట్లాడాను. చెత్త బండి వారానికి రెండుసార్లు కూడా సరిగ్గా రావడం లేదు. ఎనిమిది గంటలకల్లా రోడ్డు శుభ్రంగా ఉన్నట్టు ఫొటో పెట్టాలని ఆవిడకు పైనుంచి ఆజ్ఞ. ఇరవై బస్తాల ఆకులు ఆవిడ తల మీద పెట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి? ఆ పొగలో మనం కిటికీ వేసుకుని కూర్చుంటాం, ఆవిడ చీర కొంగు ముక్కుకు కట్టుకుని అక్కడే నిలబడుతుంది. ఈ చర్చ మొదలుపెట్టిన తీరు చూస్తే నగరపు కాలుష్యానికంతటికీ ఆవిడే కారణమన్నట్టు ఉంది. మన కాలనీలో ఇళ్ళకన్నా కార్లు ఎక్కువ, పిల్లల్ని బడి దగ్గర దింపేటప్పుడు ఇంజన్లు ఆపకుండా పావుగంట నిలబెట్టే కార్ల సంగతి ఎవరూ ఎత్తరేం?

అల్వాల్_వాసి
ఆవిడను నిందించాలన్న ఉద్దేశం నాకు లేదు, అలా ధ్వనించి ఉంటే అది నా రాతలో లోపం. ఫొటో ఆజ్ఞ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. బడి దగ్గర ఇంజను ఆపని కార్లలో నాది కూడా ఒకటి అని ఒప్పుకుంటున్నాను.

చట్టం_చదివినవాడు
జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని ఆ తీర్పులో ఉంది. నాగమణి గారు చెప్పినదాన్ని బట్టి ఆ జరిమానా ఊడ్చే మనిషి మీద వేస్తే అన్యాయం, బండి పంపవలసినవారు కట్టాలి.

చిక్కడపల్లి_చిన్నోడు
ఆ లెక్కన భోగి నాడు మా బస్తీ మొత్తం దివాళా తీయాలి. అర్ధరాత్రి పంక్చరు కొట్టు వెనక టైర్లు మాయమవుతాయి, తెల్లవారేసరికి సంప్రదాయంగా మారి మండుతుంటాయి.

ఊపిరితిత్తుల_వైద్యుడు
అల్వాల్ వాసి గారు రాసిన ఒక్క వాక్యం నాకు ఆందోళన కలిగించింది. ఇన్‌హేలర్ మూడు వారాలకే అయిపోతోందంటే, అది ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఉపశమన మందు అయితే, వ్యాధి అదుపు తప్పుతోందని అర్థం. పొగ తగ్గేవరకు చూద్దామని ఆగకుండా ఈ వారంలోనే వైద్యుడికి చూపించండి. రోజూ వాడవలసిన నివారణ మందు వేరేగా ఉంటుంది, చాలామంది పెద్దవారు బాగానే ఉన్నాం కదా అని దాన్ని ఆపేసి ఉపశమన మందు మీదే బండి లాగుతుంటారు.

దుష్ఫలితాల విషయానికి వస్తే, పది మైక్రాన్ల పరిమాణం గల ధూళి చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ చిక్కుకుంటుంది. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని రెండున్నర మైక్రాన్ల కణాలు మాత్రం గాలిగదుల దాకా దిగిపోతాయి, వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలోకి కూడా చేరుతాయి. అందుకే కాలుష్యం అనగానే దగ్గు గురించే ఆలోచించడం పొరపాటు. గుండెపోటు, పక్షవాతం, తక్కువ బరువుతో పుట్టే శిశువులు, పిల్లల్లో ఊపిరితిత్తుల ఎదుగుదల కుంటుపడటం, ఇవన్నీ ఈ ఖాతాలోవే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను, 2013లో మొత్తంగా బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2019లో మన దేశంలో సుమారు 16.7 లక్షల మరణాలకు వాయు కాలుష్యం కారణమని లాన్సెట్ కుటుంబపు వైద్య పత్రికలో వచ్చిన అంచనా. మరణ ధ్రువపత్రంలో మాత్రం ఎవరికీ ‘పొగ’ అని రాయం, గుండె ఆగిందని రాస్తాం.

పొగచూరిన_వంటిల్లు
వైద్యులు గారు చెప్పిన ఆ లెక్కలో ఇంటి లోపలి పొగ కూడా కలిసి ఉంటుందని నా నమ్మకం. మా అమ్మ జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వండింది. వానాకాలంలో తడి కంప తుమ్మ రాజుకోక, గొట్టం పెట్టి ఊది ఊది కళ్ళు ఎర్రగా చేసుకుని ‘ఉల్లిపాయలు కోశాను’ అని చెప్పేది. వంటింటి దూలం మీద చెయ్యి పెడితే తారులాంటి జిగురు అంటుకునేది, వేసవి సెలవుల్లో దాన్ని కొబ్బరి చిప్పతో గీకి తీయడం పిల్లల పని. ఆ దూలానికి పట్టిందే అమ్మ ఊపిరితిత్తులకూ పట్టిందని ఎక్స్‌రే చూపించి డాక్టరు చెప్పినప్పుడు ఆవిడ నమ్మలేదు. ‘ఊళ్ళో అందరూ ఊదారు కదా’ అంది.

పేద ఇళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాయి. ఇప్పుడు మా ఊళ్ళో గ్యాసు లేని ఇల్లు లేదు. కానీ స్నానాలకు నీళ్ళు కాచేది, పశువుల దాణా ఉడికించేది, పండగకు అరిసెలు వేసేది ఇంకా కట్టెల మీదే. సిలిండరు ఉన్న ఇల్లు వేరు, పొగ లేని ఇల్లు వేరు.

ఊపిరితిత్తుల_వైద్యుడు
మీ నమ్మకం నిజమే, ఆ అంచనాలో ఇంటి పొగ వాటా కూడా ఉంది. పొగతాగని ఆడవారిలో నేను చూసే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకు పెద్ద కారణం ఆ ఊదుడు గొట్టమే.

బుజ్జాయి_అమ్మమ్మ
ఇంటి లోపలి పొగ అంటున్నారు గనుక అడుగుతున్నాను. పసిపిల్లకు తలంటు పోశాక సాంబ్రాణి ధూపం వేయవద్దని మా కోడలు పట్టుబడుతోంది. మేము ముగ్గురు పిల్లలను ఆ ధూపం మీదే పెంచాం, అందరూ రాళ్ళలా ఉన్నారు. ఇది కూడా కాలుష్యమేనా?

ఊపిరితిత్తుల_వైద్యుడు
అమ్మా, ఈ ఒక్క విషయంలో మీ కోడలి పక్షమే నిలబడక తప్పదు. పసిబిడ్డ నిమిషానికి మనకన్నా రెట్టింపుకు పైగా ఊపిరి తీస్తుంది, గాలి గొట్టాలేమో సన్నవి. బొగ్గుల మీద సాంబ్రాణి వేసి బుట్ట బోర్లించి జుట్టు ఆరబెట్టడం వల్ల ఆ పొగంతా బిడ్డ ముక్కు కిందే ఉంటుంది. తల మెత్తటి గుడ్డతో తుడిచి ఎండపొడ దగ్గర కూర్చోబెడితే సరిపోతుంది. దోమల చుట్ట కూడా ఇదే కోవలోది. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. తలుపులు మూసి మంచం కింద దాన్ని వెలిగించే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. దోమతెర కట్టుకోండి.

బుజ్జాయి_అమ్మమ్మ
చుట్ట మానేస్తాను. సాంబ్రాణి దేవుడి గదికి పరిమితం చేస్తాను. మిగతాది మా కోడలికి నేను చెప్పుకుంటాను, మీరు చెప్పారని చెప్పను.

నల్లగొండ_రైతు
ఇక నా వంతు వస్తుందని ఎదురు చూస్తున్నాను, ఎవరో ఒకరు ‘రైతులు గడ్డి తగలబెడుతున్నారు’ అనకముందే నేనే చెబుతాను. అవును, రెండేళ్ళు నేనూ కాల్చాను. వానాకాలం వరి కోత మిషనుతో కోయిస్తే గడ్డి పొలమంతా చెల్లాచెదరుగా పడుతుంది, జానెడు ఎత్తున కొయ్యకాళ్ళు నిలుస్తాయి. యాసంగి నాటుకు మూడు నాలుగు వారాలకన్నా వ్యవధి ఉండదు. మనుషులతో గడ్డి ఏరించాలంటే కూలీలు దొరకరు, దొరికినా గడ్డి ధర కూలికి చాలదు. ఎడ్లు ఉన్నప్పుడు ఒక్క పరక కూడా వదిలేవాళ్ళం కాదు, ఇప్పుడు ఎడ్ల స్థానంలో ఉన్న ట్రాక్టరు గడ్డి తినదు. అగ్గిపుల్ల ధర రూపాయి కూడా లేదు. ఇదే అసలు లెక్క, రైతుకు తెలివి లేక కాదు.

గట్టుమీది_గోపాలం
అన్నా, మాది కోనసీమ. మీ బాధ తెలుసు గానీ ఒక మాట. ఒక టన్ను వరిగడ్డి కాలిస్తే అందులోని సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ చేతికి రాకుండా పోతాయని మాకు శిక్షణలో చెప్పారు. పొలంలో ఉన్నదాన్ని కాల్చేసి, మరుసటి నెలలో అదే బస్తాల్లో కొనుక్కుంటే ఏమి లాభం? పైగా పై మట్టిలోని సూక్ష్మజీవులు, వానపాములు మాడిపోతాయి. మా దగ్గర ఇంకా గడ్డి వామి వేసేవాళ్ళు ఉన్నారు.

నల్లగొండ_రైతు
మీరు చెప్పింది కాదనను, కానీ పొటాష్ మొత్తం ఎగిరిపోదు తమ్ముడూ, చాలావరకు బూడిదలో మిగులుతుంది. గాలిలో కలిసేది ఎక్కువగా నత్రజని. మీకు గేదెలున్నాయి, వామి వేస్తారు. మా మండలంలో పాడి తగ్గిపోయింది. అయినా మూడో ఏడు నేను కాల్చలేదు. గడ్డిని చుట్టలు చుట్టే బేలర్ యంత్రం పక్క ఊరికి వచ్చింది. పాడి రైతులు కొన్నది కొన్నారు, మిగిలిన కొయ్యకాళ్ళ మీద ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి, నీళ్ళు పెట్టి రోటవేటరుతో కలియదున్నితే నాటు నాటికి మెత్తబడింది. యంత్రం సమయానికి దొరికితే ఎవరూ కాల్చరు. దొరకకపోతే మీరెన్ని ఉపన్యాసాలు ఇచ్చినా కాలుస్తారు.

చట్టం_చదివినవాడు
చెత్త బండి రాకపోతే ఆవిడ కాలుస్తుంది, బేలర్ రాకపోతే ఈయన కాలుస్తారు. రెండు కథలూ ఒకటే కదా.

ఢిల్లీ_కొలువు
పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. మీరందరూ మాట్లాడుతున్నది వింటే మా ఊరి పదేళ్ళ క్రితపు చర్చలు గుర్తొస్తున్నాయి. 2024 నవంబరు 18న ఇక్కడ సూచీ 490 దాటింది. సూచీ 500 దగ్గర ఆగిపోతుంది గనుక దాని పైన ఎంత ఉన్నా అంకెలో తేడా తెలియదు. ఆ రోజు ఎదురుగా ఉన్న భవనం కనబడలేదు, మా అబ్బాయికి బడి ఆన్‌లైన్‌లో జరిగింది, ఉదయం ముక్కు చీదితే రుమాలు నల్లబడింది. గడ్డి మంటలు ఆ రోజుల్లో మాత్రమే పెద్ద వాటా తీసుకుంటాయి, మిగతా చలికాలమంతా మాకు మేమే చాలు.

మీకు ఉపయోగపడే సంగతి ఒకటి చెబుతాను. 1998లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట 2002 చివరికల్లా ఇక్కడి సిటీ బస్సులన్నీ డీజిల్ వదిలి సీఎన్‌జీకి, అంటే సహజవాయువుకు మారాయి. కొన్నేళ్ళు గాలి తేటపడింది. తర్వాత ఆ లాభాన్ని కార్ల సంఖ్య మింగేసింది. 2021లో కన్నాట్ ప్లేస్‌లో 24 మీటర్ల ఎత్తున పొగమంచు గోపురం (స్మాగ్ టవర్) కట్టి గాలిని వడకడతామన్నారు. పొయ్యి మీద చారు పొంగుతుంటే మంట తగ్గించకుండా కింద గుడ్డ పరిచినట్టు. హైదరాబాదులో అలాంటిది కడతామని ఎవరైనా అంటే దయచేసి అడ్డుపడండి.

మిద్దె_మీద_ముగ్గు
రైసు మిల్లుల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటికి అరకిలోమీటరు దూరంలో ఒక మిల్లు ఉంది. ఉప్పుడు బియ్యం కోసం ఊకతో బాయిలరు మండిస్తారు. తెల్లవారి వేసిన ముగ్గు మీద ఎనిమిదింటికల్లా నల్లటి నుసి పడుతుంది, చీపురుతో ఊడిస్తే చారలు తేలుతాయి. మిద్దె మీద ఆరేసిన మా మామగారి తెల్ల పంచె సాయంత్రానికి మిరియాలు చల్లినట్టు ఉంటుంది. వడియాలు పెట్టడం మానేసి నాలుగేళ్ళు. ఫిర్యాదు చేస్తే అధికారులు ఒక మధ్యాహ్నం వచ్చారు, ఆ మధ్యాహ్నం పొగగొట్టం నుంచి ఏమీ రాలేదు. రాత్రి పదకొండు దాటాక వచ్చి చూడమంటే ఎవరూ రారు.

పర్యావరణ_ఇంజినీరు
కంటికి కనబడే ఆ నుసి విసుగు పుట్టిస్తుంది గానీ, కనబడని పొగే ఎక్కువ హాని చేస్తుంది. ఊక బాయిలరు నుంచి పొగ బయటికి పోయే దారిలో మొదట సైక్లోన్ అనే గరాటు ఆకారపు పరికరం పెడతారు, అది గాలిని సుడి తిప్పి బరువైన బూడిదను కిందికి రాలుస్తుంది. సన్న కణాలు ఆగాలంటే దాని వెనక గుడ్డ సంచుల వడపోత కూడా ఉండాలి. వీటిని నడపడానికి కరెంటు ఖర్చవుతుంది, అందుకే రాత్రిళ్ళు ఆపేసే ప్రలోభం ఉంటుంది.

1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం ప్రకారం ప్రతి మిల్లూ నడపడానికి అనుమతి పత్రం తీసుకోవాలి, ఏ పరికరం ఉండాలో, ఎంత ధూళి దాటకూడదో అందులో షరతులుగా రాసి ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ షరతుల నకలు అడగండి. ‘నుసి పడుతోంది’ అన్న ఫిర్యాదుకన్నా ‘ఫలానా షరతు పాటించడం లేదు’ అన్న ఫిర్యాదును పక్కన పెట్టడం కష్టం. రాత్రిపూట తేదీ, సమయం కనబడేలా వరుసగా పది రోజులు ఫొటోలు తీసి జతచేయండి.

మిద్దె_మీద_ముగ్గు
ఆ నకలు సంగతి మాకెవరూ చెప్పలేదు. సోమవారం దరఖాస్తు పెడతాను. పంచె కూడా జతచేయాలని మా మామగారు అంటున్నారు.

ఫ్రీమాంట్_ప్రవాసి
కంటిని నమ్మవద్దని నాకు కాలిఫోర్నియా నేర్పింది. 2020 సెప్టెంబరు 9న ఇక్కడ మధ్యాహ్నం కూడా ఆకాశం కుంకుమ రంగులో ఉండిపోయింది, వీధి దీపాలు వెలిగాయి. అడవి మంటల పొగ పైన ఎత్తున పరుచుకుంది, కింద సముద్రపు గాలి పొర అడ్డుగా ఉండటంతో నేల మీద కొలతలు ఆ రోజు అంత భయంకరంగా లేవు. తర్వాతి రోజుల్లో రంగు పోయి ఆకాశం మామూలు బూడిద రంగులోకి వచ్చింది. హమ్మయ్య అనుకుని కిటికీలు తెరిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. పొగ అప్పుడే కిందికి దిగింది, అసలు ప్రమాదకరమైన గాలి ఆ రోజులదే.

అప్పుడు ఎయిర్ ప్యూరిఫయర్లు దుకాణాల్లో దొరకలేదు. చదరపు ఫ్యాను వెనక సన్న ధూళిని పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టరు టేపుతో అంటించి ఒక గదిలో నడిపాం. చూడటానికి ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టులా ఉండేది గానీ, చేతిలో ఉన్న చిన్న కొలిచే పరికరంలో అంకె అరగంటలో సగానికి పడిపోవడం కళ్ళారా చూశాను. అల్వాల్ వాసి గారూ, మీ నాన్నగారి గదికి అలాంటిది ప్రయత్నించవచ్చు.

బడిచౌడి_భాస్కరుడు
ప్యూరిఫయరు కొనగలిగినవాడు కొనుక్కుంటాడు, కొనలేనివాడి సంగతి? నేను రోజుకు పన్నెండు గంటలు ఆటో నడుపుతాను. ఆటోకు తలుపులే లేవు, ఫిల్టరు ఎక్కడ అంటించాలి? సిగ్నలు దగ్గర ముందున్న లారీ గేరు మార్చినప్పుడల్లా ఆ నల్లపొగ నేరుగా నా ముఖానికే కొడుతుంది. బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్ 6 ప్రమాణం వచ్చి ఎన్నేళ్ళయిందో మాస్టారు గారు చెప్పాలి.

లెక్కల_మాస్టారు
2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళలో 50 ఉండేది 10కి తగ్గింది, కొత్త డీజిల్ బండ్లకు మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. ఇది నిజంగా పెద్ద ముందడుగు. కానీ అది కొత్త బండికి వర్తిస్తుంది. మీ ముందున్న లారీ ఏ సంవత్సరపుదో నంబరు ప్లేటు చూసి ఊహించండి. పాత బండ్లకు ఉన్నది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే.

బడిచౌడి_భాస్కరుడు
ఆ సర్టిఫికెట్ సంగతి మా స్టాండులో ఎవరినైనా అడగండి. బండి ఇంటి దగ్గర ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం చేతికి వస్తుంది.

ఊపిరితిత్తుల_వైద్యుడు
భాస్కరుడు గారూ, మీలాంటివారికి నేను చెప్పగలిగింది ముఖానికి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు. రుమాలు, గుడ్డ మాస్కు కంటికి కనబడే దుమ్మును ఆపుతాయి, సన్న పొగను ఆపలేవు. పన్నెండు గంటలు దాన్ని పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, రద్దీ వేళల్లోనైనా పెట్టుకోండి.

నాలుగో_లైను_నాగమణి
జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం అని 2019 జనవరిలో మొదలైంది కదా, ఆ జాబితాలో హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, ఆంధ్రలో విజయవాడ, విశాఖ, గుంటూరు వంటివి ఉన్నాయి. దాని డబ్బు ఏమవుతోంది?

పర్యావరణ_ఇంజినీరు
మొదట 2017తో పోలిస్తే 2024కల్లా ధూళిని 20 నుంచి 30 శాతం తగ్గించాలని పెట్టుకున్నారు, తర్వాత దాన్ని 2025–26కల్లా 40 శాతానికి పెంచారు. నగరాల పనితీరును ప్రధానంగా పది మైక్రాన్ల ముతక ధూళితో కొలుస్తున్నారు. దానివల్ల డబ్బులో ఎక్కువ భాగం రోడ్లు ఊడ్చే యంత్రాలకూ, నీళ్ళు చల్లే బండ్లకూ పోతోంది. రోడ్డు దుమ్ము తగ్గడం మంచిదే, కానీ వైద్యులు గారు చెప్పిన గాలిగదుల దాకా దిగే కణాలు ఎక్కువగా పుట్టేది మంట నుంచి. నీళ్ళ బండి దాన్ని తాకదు. ఇది నా వ్యక్తిగత అభిప్రాయం, మా ఆఫీసులోనే ఒప్పుకోనివారు ఉన్నారు. నిర్మాణాల దుమ్ముకు పచ్చ గుడ్డ కట్టించడం, చెత్త బండి క్రమం తప్పకుండా తిప్పడం, బస్సులు పెంచడం, ఈ మూడూ ఫొటోలో అందంగా పడవు.

చిక్కడపల్లి_చిన్నోడు
ఎనిమిది గంటల ఫొటో మళ్ళీ గుర్తొచ్చింది.

అల్వాల్_వాసి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వైద్యులు గారు చెప్పినట్టు నాన్నగారిని వెంటనే చూపించాం, ఆయన నివారణ మందు నిజంగానే వేసవిలో ఆపేశారట, మాకెవరికీ చెప్పలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. తెల్లవారుజామున నడక మాని సాయంత్రం నాలుగింటికి వెళుతున్నారు. కిటికీలు పదకొండు దాటాక తెరుస్తున్నాం.

నాగమణి గారూ నేనూ కలిసి ఊడ్చే ఆవిడతోనూ, ఆవిడ పైవారితోనూ కూర్చున్నాం. ఖాళీ స్థలం యజమాని అనుమతితో ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు గొయ్యి తవ్వించి, ఆకులు అందులో వేయిస్తున్నాం. ఖర్చు పధ్నాలుగు ఇళ్ళవాళ్ళు పంచుకున్నారు, ఆరు ఇళ్ళవాళ్ళు ‘పాములు వస్తాయి’ అని ఇవ్వలేదు. ప్లాస్టిక్ విడిగా సంచిలో కడితే పాత సామాన్ల అబ్బాయి శనివారం తీసుకెళుతున్నాడు. బండి ఇప్పటికీ వారానికి రెండుసార్లే వస్తోంది. గత ఇరవై రోజుల్లో మంట నాలుగుసార్లు పెట్టారు, అందులో ఒకసారి పెట్టింది ఊడ్చే ఆవిడ కాదు, చలి కాచుకోవడానికి మా వాచ్‌మన్. యాప్‌లో అంకె అప్పుడూ ఇప్పుడూ తొంభై చుట్టూనే తిరుగుతోంది. ఇన్‌హేలర్ మాత్రం ఇంకా అయిపోలేదు.

ఒక సందేహం మిగిలింది. గోతిలో ఆకులు కుంగుతున్నాయి గానీ కొబ్బరి పీచు ఎలా వేసింది అలాగే ఉంది, దుర్వాసన కూడా మొదలైంది.

గట్టుమీది_గోపాలం
కొబ్బరి పీచు అలా వేస్తే ఏడాదికి కూడా కుళ్ళదు, దాన్ని విడిగా తీసి మొక్కల మొదట్లో పరచండి. ఆకులు మరీ తడిగా ఉండి గాలి ఆడకపోతే వాసన వస్తుంది. అడుగుకు ఒక పొర చొప్పున పొడి మట్టి, దొరికితే పేడ నీళ్ళు చల్లి, పది రోజులకొకసారి గడ్డపారతో కలియబెట్టించండి. పాములకు భయపడే ఆ ఆరు ఇళ్ళ కోసం పైన పాత ఇనుప వల ఒకటి కప్పండి.